గ్వాడెలూప్‌లో ఒక పగలు: మన వలసల చరిత్ర ఎక్కడ మొదలవుతుంది?

ప్రవాసాంధ్రుల చరిత్ర రాయబూనిన వాళ్లలో చాలామంది దాన్ని విమానాశ్రయం దగ్గర మొదలుపెడతారు. పెద్ద చదువులు చదివి, డాక్టర్లుగా, ఇంజనీర్లుగా అమెరికా వెళ్లి, అక్కడ గుళ్లూ సంఘాలూ స్థాపించినవాళ్ల విజయగాథగా అది సాగుతుంది. మహాసభల ప్రత్యేక సంచికల నిండా వాళ్ల ఫోటోలే. ఈ పద్ధతి మీద నాకు చాలాకాలంగా అనుమానం వుంది. కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణయినా ఆ అనుమానాన్ని తేల్చుకునే పని మాత్రం పెట్టుకోలేదు. తేల్చుకోవలసిన అవసరం ఒక విహారనౌక మీద నుంచి దిగి, కరేబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో గడిపిన ఒక్క పగటిపూట కలిగింది.

విహారనౌక అన్నాను గనక ముందే ఒక మాట చెప్పాలి. టిక్కెట్టు కొన్నది ఫ్లోరిడాలో వుంటున్న మా అమ్మాయి. అంటే నేను ఏ విజయగాథను అనుమానిస్తున్నానో ఆ విజయగాథ ఖర్చు మీదనే ప్రయాణం చేశాను. ఈ వ్యాసంలో ఎక్కడైనా నా గొంతు హెచ్చితే పాఠకులు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

ఓడ తెల్లవారుజామున పువాంత్-ఆ-పీత్ర్ రేవులో ఆగింది. గ్వాడెలూప్ 1635లో ఫ్రెంచివాళ్ల వశమైంది; 1946 నుంచి చట్టరీత్యా ఫ్రాన్సులో ఒక భాగం. పటంలో చూస్తే రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా వుంటుంది. తూర్పు రెక్క చెరకు పండే చదును నేల. పడమటి రెక్క అగ్నిపర్వతం, అడవి, అరటితోటలు. రెండు రెక్కలూ కలిసేచోట ఈ రేవుపట్నం. ఓడవాళ్లు మా చేతికిచ్చిన కాగితంలో దీవి గురించి మూడు విషయాలు వున్నాయి: సముద్రతీరం, చెరకు సారా రుచి చూపించే చోటు, మసాలా దినుసుల బజారు. సాయంత్రం నాలుగున్నరకల్లా తిరిగి రావాలి. మా అమ్మాయీ, అల్లుడూ, పిల్లలూ సముద్రతీరానికి వెళ్లారు. నేను ఇంగ్లీషు కొంత వచ్చిన ఒక టాక్సీ డ్రైవరును మాట్లాడుకున్నాను. నలభై అయిదేళ్ల నల్లజాతి మనిషి. “ఏం చూస్తారు?” అని అడిగాడు. “భారతదేశం నుంచి వచ్చిన కూలీల ఆనవాళ్లు ఏవైనా వుంటే చూపించు” అన్నాను.

మొదట అతను నన్ను పాత రేవు దగ్గరకు తీసుకువెళ్లాడు. దాన్ని ఆనుకొని పెద్ద మైదానం, చుట్టూ చెట్లు, పక్కన చేపలమ్మే ఆడవాళ్లు. 1854 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజు, ‘ఒరెలీ’ అనే ఓడ మూడు వందల పైచిలుకు భారతీయ కూలీలను ఈ రేవులో దించింది. వాళ్లే మొదటివాళ్లు. ఆ ఓడే అంతకుముందు ఏడాది మేలో పక్క దీవి మార్టినిక్‌లో కూలీలను దించివుంది. 1889 దాకా సాగిన ఈ రవాణాలో గ్వాడెలూప్‌కు చేరినవాళ్లు సుమారు 42 వేలమంది. మార్టినిక్‌కు మరో పాతిక వేలు. ఎక్కువమంది పాండిచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి వచ్చిన తమిళులు. తరువాత కలకత్తా నుంచి కూడా తెచ్చారు. కొందరు మన గోదావరి పాయ మీది యానాం నుంచి ఓడ ఎక్కారు.

వీళ్లను ఎందుకు తెచ్చారు? ఈ ప్రశ్నకు జవాబు ఓడల్లో దొరకదు, చెరకు తోటల్లో దొరుకుతుంది. ఫ్రెంచి విప్లవం 1794లో ఇక్కడి బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ సైన్యం పంపి దాన్ని తిరిగి తెచ్చాడు. లూయీ దెల్‌గ్రెస్ అనే అధికారి నాయకత్వంలో తిరగబడినవాళ్లు ఆ ఏడు మే 28న మతూబా కొండల్లో చుట్టుముట్టబడి, లొంగిపోవడానికి నిరాకరించి, మందుగుండు పేల్చుకొని సుమారు మూడు వందలమంది ప్రాణాలు వదిలారు. సంపూర్ణ విముక్తి 1848లో గానీ రాలేదు. అప్పుడు ఈ ఒక్క దీవిలో విడుదలైన బానిసలు సుమారు 87 వేలమంది. మరుసటి ఏడాది ఫ్రెంచి ప్రభుత్వం చట్టం చేసి నష్టపరిహారం చెల్లించింది. ఎవరికి? తరతరాలు చాకిరీ చేసినవాళ్లకు కాదు, వాళ్లను పోగొట్టుకున్న యజమానులకు!

విముక్తి పొందినవాళ్లలో చాలామంది తోటల నుంచి దూరంగా జరిగారు. ఎక్కడో కాస్త నేల చూసుకొని దుంపలు పండించుకున్నారు. కూలికి వచ్చినా బేరమాడి వచ్చారు. శ్రమశక్తిని అమ్ముకునే స్వేచ్ఛ కూలివాడికి వుండాలని పుస్తకాల్లో రాసే పెట్టుబడిదారులు, ఆ స్వేచ్ఛను కూలివాడు నిజంగా వాడుకుంటే భరించలేరు. ఒక పక్క ఐరోపాలో బీట్ దుంప చక్కెర పోటీకి వస్తున్నది. పెద్ద మిల్లులు కట్టడానికి అప్పులు తెచ్చారు. కూలి రేటు పెరగకూడదు. బేరమాడే నల్లవాడి ఎదుట బేరమాడలేని మరొకణ్ణి నిలబెట్టాలి. అందుకు సముద్రాల అవతల నుంచి మనవాళ్లను తెచ్చారు. తెచ్చే ఖర్చులో కొంత దీవి ఖజానా భరించింది. అంటే తన కూలిని పడగొట్టడానికి తెచ్చిన మనిషి ఓడ చార్జీలో ఆ నల్లవాడు కట్టిన పన్నూ వుంది.

ఇక మనవాళ్లు ఎందుకు బయలుదేరారు? దళారీలు మోసం చేశారన్నది నిజమే గానీ, ఆకలి లేనిచోట దళారీ మాట చెల్లదు. 1832-33 నందన కరువులో ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షకు పైగా చనిపోయారు. 1839 నవంబరు ఉప్పెన కోరంగి రేవును ఊడ్చిపెట్టింది. సీమ బట్టల దిగుమతి నేతగాళ్ల మగ్గాలను మూలపెట్టింది. కుంఫిణీ వారి శిస్తు మాత్రం కరువుకూ ఉప్పెనకూ కూడా తగ్గలేదు. ఈ నేపథ్యంలోనే 1828 నాటికే యానాం నుంచి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి కూలీలు వెళ్లారు. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరు నిలిచిపోయింది. ఒక జాతికి పొరుగుదేశంలో దాని కావ్యం పేరో, రాజు పేరో కాకుండా కూలీల ఓడలు ఎత్తిన రేవు పేరు వచ్చిందంటే, ఆ జాతి వలసల చరిత్ర ఎక్కడ మొదలైందో వేరే చెప్పాలా?

1861లో బ్రిటిషు, ఫ్రెంచి ప్రభుత్వాలు ఒడంబడిక చేసుకొని బ్రిటిషు ఇండియాలో కూడా ఫ్రెంచి దీవులకు కూలీలను చేర్చుకోవడానికి దారి తీశాయి. అయిదేళ్ల ఒప్పందం. వారానికి ఆరు రోజులు, రోజుకు తొమ్మిదిన్నర గంటల పని. మగవాడికి నెలకు పన్నెండున్నర ఫ్రాంకులు, ఆడమనిషికి పది. గడువు తీరాక ఉచితంగా తిరుగు ప్రయాణం. కాగితం మీద ఇదంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఆచరణలో, రాని రోజుకు కూలి కోత. కోత పడిన రోజులు గడువులో కలవవు కనక అయిదేళ్లు అయిదేళ్లతో తీరవు. అనుమతి కాగితం లేకుండా తోట దాటితే పట్టుకొని జైలు. వచ్చినవాళ్లలో తిరిగి వెళ్లినవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. మిగిలినవాళ్లందరూ ఇక్కడ స్థిరపడ్డారనుకోవడం పొరపాటు. ఎంతోమంది గడువు తీరకముందే జ్వరాలకూ విరేచనాలకూ తోటల్లోనే చనిపోయారు. చివరకు 1888లో బ్రిటిషు ప్రభుత్వమే ఈ దీవికి కూలీలను పంపడం ఆపేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒప్పందపు కూలీతనం బానిసత్వమే అని కొందరు ఆవేశంగా రాస్తారు. కాదు. కూలివాణ్ణి సంతలో అమ్మలేదు, అతని బిడ్డ యజమాని ఆస్తి కాలేదు, చచ్చో బతికో ఒక గడువు వుంది. ఈ తేడాను చెరిపేస్తే రెండు వందల ఏళ్లు బానిసత్వం అనుభవించినవాళ్లకు అన్యాయం చేసినట్టే. కానీ బానిసలు ఖాళీ చేసిన గుడిసెల్లోనే కూలీలను పెట్టారనీ, కొరడా అలవాటైన చేతుల కిందనే పని చేయించారనీ కూడా మరచిపోకూడదు.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవే. ఆ రేవు గట్టు మీద నిలబడినప్పుడు నా మనసులో మెదిలింది మాత్రం చరిత్రకారుడి ప్రశ్న కాదు. ఇక్కడ ఎక్కడైనా ఒక తెలుగు మాట మిగిలి వుంటుందా? ఒక పేరు, ఒక పాట? ఆ ఆశతోనే డ్రైవరును తొందరపెట్టి కాపెస్తేర్ వైపు పోనిమ్మన్నాను.

దారిలో కిటికీ బయట దర్బూసియే కనిపించింది. 1869 ప్రాంతంలో మొదలై 1980లో మూతపడిన పెద్ద చక్కెర మిల్లు స్థలం అది. అక్కడ 2015లో బానిసత్వం జ్ఞాపకార్థం పెద్ద మ్యూజియం కట్టారు. నల్లని గోడల మీద వెండి వేళ్లు అల్లుకున్నట్టుండే భవనం. “ఆగుదామా?” అన్నాడు డ్రైవరు. గడియారం చూసుకొని “తిరిగి వచ్చేటప్పుడు చూద్దాం” అన్నాను. అతను ఏమీ అనలేదు.

కాపెస్తేర్ అక్కడికి పాతిక కిలోమీటర్లు. దారి పొడుగునా అరటితోటలు. ఊరికి దగ్గరలో షాంజీ అనేచోట రోడ్డు పక్కనే రంగురంగుల బొమ్మలతో గుడి. దేవత మారియమ్మన్, ఇక్కడివాళ్లు ‘మాలియెమేన్’ అంటారు. ఎదురుగా మదురైవీరన్. మేకలను బలి ఇస్తారు. ఆ మాంసంతో వండే కూరకు ‘కొలొంబో’ అని పేరు. మసాలా పొడి మన సాంబారు పొడికి దగ్గర చుట్టం. ఇప్పుడది భారతీయుల వంటగా లేదు, దీవి మొత్తానికి పండగ వంట అయింది. గుడిలో వున్న పెద్దాయన డ్రైవరు సహాయంతో నాతో మాట్లాడాడు. పూజలో పాడే తమిళ పాటలను ఫ్రెంచి అక్షరాల్లో రాసుకున్న నోటుపుస్తకం చూపించాడు. పాటలు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. అర్థం చాలావరకు తెలియదు. “తెలుగు అనే మాట విన్నారా?” అని అడిగాను. లేదని తల వూపాడు. ఇక్కడ మనవాళ్లందరికీ ఒకప్పుడు ‘మలబారు’ అనే పేరు; తెలుగువాడూ తమిళుడూ అందులోనే కలిసిపోయారు.

ఈ ఊరివాడే హెన్రీ సిదాంబరోం. మన చిదంబరం ఫ్రెంచి గుమాస్తాల కలంలో అలా అయ్యాడు. 1863లో ఇక్కడే కూలీల బిడ్డగా పుట్టాడు. 1904లో భారతీయ సంతతివాళ్లు ఫ్రెంచి పౌరులు కారు, ఓటుకు అర్హులు కారు అని దీవి గవర్నరు వాదించినప్పుడు సిదాంబరోం కోర్టుకెక్కాడు. పందొమ్మిదేళ్లు పోరాడాడు. 1923లో గానీ ఆ హక్కు తేలలేదు. 1952లో చనిపోయాడు. ఒక హక్కు కోసం సగం జీవితం ధారపోసిన ఈ మనిషి పేరు మన ప్రవాస చరిత్రల్లో నాకెక్కడా కనిపించలేదు.

తిరుగు దారిలో నేను నిరుత్సాహంగా వున్నాను. అది గమనించి డ్రైవరు అడిగాడు: “మీ భాష దొరకలేదనా?” అవునన్నాను. అతను కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “మా నాయనమ్మ మలబారు మనిషి. నన్ను చూస్తే మీకు తెలియదు. పొద్దుటినుంచి మీరు నన్ను మా గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. మీ రక్తం వున్నచోటే మీకు చరిత్ర వుందా?”

నాకు జవాబు తోచలేదు. అతను నన్ను మళ్లీ ఉదయం చూసిన రేవు మైదానం దగ్గరకే తెచ్చి కారు ఆపాడు. “పొద్దున ఇక్కడ మీవాళ్లు దిగారని చెప్పారు మీరు. ఇప్పుడు నేను చెబుతాను” అన్నాడు. 1967 మే 26న కూలి పెంచమని సమ్మె చేస్తున్న భవననిర్మాణ కార్మికులు ఈ మైదానం దగ్గర గుమిగూడారు. పోలీసులు కాల్పులు జరిపారు. మొదట నేలకూలినవాడు జాక్ నెస్తోర్ అనే యువ కార్యకర్త. కాల్పులు రాత్రంతా, మరునాడూ సాగాయి. ప్రభుత్వ లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు 8 మంది. 1985లో ఒక ఫ్రెంచి మంత్రే 87 అని చెప్పాడు. సరైన సంఖ్య ఇప్పటికీ తేలలేదు. డ్రైవరు పెదనాన్న ఆ రోజుల్లో తాపీపని చేసేవాడు. మైదానం నుంచి బతికి బయటపడ్డాడు గానీ, ఆ తరువాత ఎన్నడూ ఆ వీధిలో నడవలేదట.

పొద్దున అదే మైదానం గుండా నడిచాను. 1854ను వెతికాను. 1967 నాకు కనిపించలేదు. ఇది తెలియక జరిగిన పొరపాటు అని తప్పించుకోలేను. ‘మనవాళ్లు’ అనే మాటను రక్తంతో కొలిచేవాడికి అలాగే జరుగుతుంది. తోటల యజమానులు సరిగ్గా ఆ కొలతనే వాడుకున్నారు. నల్లవాడికి మలబారువాడు కూలి పడగొట్టే దొంగగా కనిపించాడు. కుక్కల్ని తినేవాడని తిట్టాడు. మలబారువాడు నల్లవాణ్ణి దూరం పెట్టాడు. ఇద్దరినీ కలిపి పిండినవాడు మిల్లు లెక్కలు రాసుకున్నాడు. డ్రైవరు నాయనమ్మా తాతా ఆ గోడను దాటారు. నేను చదువుకున్నవాణ్ణి, సముద్రాలు దాటి వచ్చి ఆ గోడనే మళ్లీ కడుతున్నాను.

ఈ దీవి ప్రజలు ఆ గోడను పోరాటాల్లోనే కూలగొట్టుకున్నారు. 2009 జనవరి 20న మొదలై 44 రోజులు సాగిన సార్వత్రిక సమ్మెలో, ధరలకూ కూలికీ సంబంధించిన కోర్కెల కింద రెండు సంతతుల వాళ్లూ నిలబడ్డారు. విషం కూడా ఇద్దరినీ కలిపే చంపుతున్నది. నేను దారి పొడుగునా చూసిన పచ్చని అరటితోటల్లో 1972 నుంచి 1993 దాకా క్లోర్‌డెకోన్ అనే పురుగుమందు చల్లారు. ఫ్రాన్సులో 1990లోనే నిషేధించిన దాన్ని ఈ దీవుల్లో తోటల యజమానుల కోసం మరో మూడేళ్లు సాగనిచ్చారు. అది మట్టిలో, నీళ్లలో, చేపల్లో చేరింది. దీవిలోని పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా రక్తంలో దాని ఆనవాళ్లు వున్నాయి. నాకు రక్తం గురించి డ్రైవరు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు లేదు.

సాహిత్యంలో కూడా ఇదే ప్రశ్న వుంది. 1960లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి కవి సెయింట్ జాన్ పెర్స్ 1887లో ఈ పట్నంలోనే పుట్టాడు. తోటల యజమానుల కుటుంబం. కాపెస్తేర్‌లోనూ వాళ్లకు తోట వుండేది. తనను పెంచిన దాది భారతీయురాలని ఆయన చెప్పుకున్నాడు. 1911 నాటి ఆయన పుస్తకం ‘ఎలోజ్’ చిన్ననాటి దీవిని స్వర్గంగా తలుచుకుంటుంది. కవిత్వం గొప్పదే, కాదనలేం. ఆ స్వర్గాన్ని ఊడ్చి తుడిచినవాళ్లు అందులో సువాసనలుగా, నీడలుగా వున్నారు. వాళ్లు మనుషులుగా నిలబడటానికి కూలీ సంతతిలోంచే రచయితలు రావలసి వచ్చింది. ఎర్నెస్ట్ ముతుసామి అలాంటివాడు. కమ్యూనిస్టుగా 1981లో ఫ్రెంచి పార్లమెంటుకు ఎన్నికైన ఈయన 1987లో ‘ఒరోర్’ అనే నవలలో ఒప్పందపు కూలీల కథ రాశాడు. మరి యానాం గట్టున ఓడ ఎక్కినవాడి కథ తెలుగులో ఏది? నల్లవాళ్ల కవిత్వాన్ని అనువదించి తెచ్చుకున్నాం. మంచి పని చేశాం. ఆ నల్లవాళ్ల పక్క గుడిసెలో వున్న కోరంగివాణ్ణి మాత్రం చూడలేదు.

ఓడకు నాలుగుంబావుకు చేరాను. మ్యూజియం చూడనేలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక పై డెక్కు మీద కూర్చునివుంటే, ఖాళీ పళ్లేలు ఏరుకుంటున్న ఒక కుర్రాడు నా ఫోను మాటలు విని ఆగాడు. “తెలుగేనా మాస్టారూ?” అన్నాడు. నేను మాస్టారునని ఎలా కనిపెట్టాడో! శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు ఊరు. వంటశాలలో పని. తొమ్మిది నెలల కాంట్రాక్టు, సెలవు రోజు లేదు, ఉద్యోగం కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు అప్పు ఇంకా తీరలేదు.

“ఈ దీవి చూశావా బాబూ?” అని అడిగాను.

“ఏటి చూస్తాం మాస్టారూ! రెండు గంటలు ఒగ్గేసినారు. రేవుకాడ వైఫై వుంటాది గదా, ఇంటికి ఫోన్ చేసుకొని వచ్చీసినాను.”

పగలంతా నేను చూసింది అతనికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. “మా ముత్తాత కూడా రంగం ఎల్లాడంట. మళ్లీ రాలేదు. మా తాత చిన్నపిల్లోడప్పుడు” అన్నాడు.

ఈ కుర్రాడు ఒప్పందపు కూలీ కాడు. అతనికి జీతం వుంది, ఇంటికి ఫోను వుంది, తిరుగు టిక్కెట్టు వుంది. అయినా ఓడ జెండా ఒక దేశానిది, యజమాని మరో దేశం, పనివాడు మూడో దేశం కావడం వల్ల ఎవరి చట్టం కిందా పూర్తిగా రాని శ్రమ ఒకటి ఇప్పటికీ సముద్రం మీద తిరుగుతున్నది. అది నా మంచం దులిపింది, నాకు అన్నం పెట్టింది. మా అమ్మాయి కొన్న టిక్కెట్టు చౌకగా రావడానికి అది ఒక కారణం.

కాబట్టి మన చరిత్రకారులూ రచయితలూ చేయవలసిన పని వుంది. కూలీల ఓడల రిజిస్టర్లు, ఫ్రెంచి వలస దఫ్తరాలు ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రొవాన్స్ నగరంలోనూ, ఆయా దీవుల్లోనూ వున్నాయి. యానాం, కోరంగి, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ రేవుల చుట్టుపక్కల పల్లెల్లో, వెళ్లి తిరిగిరానివాళ్ల జ్ఞాపకాలు ముసలివాళ్ల దగ్గర ఇంకా వుండకపోవు. వాటిని సేకరించాలి. సేకరించేటప్పుడు మనవాడి పక్కన పని చేసిన నల్లవాడి పేరు కూడా రాసుకోవాలి. లేకపోతే అది కూడా మరో ప్రత్యేక సంచికగానే మిగులుతుంది.

ఆ రాత్రి కుర్రాణ్ణి ముత్తాత పేరు అడిగాను. అతనికి తెలియదు. మర్నాడు రేవులో ఇంటికి ఫోన్ చేసి, వాళ్ల నాన్ననడిగి, భోజనాల బల్ల తుడిచే కాగితం మీద రాసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు. ఏ ఏడు వెళ్లాడో తెలియదు. ఆ కాగితం నా దగ్గర వుంది.